ముప్పై ఒకటో నంబరు కూతురు

మా ఆడపడుచు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ నా వంటింట్లోంచి ఒక వస్తువు సాక్ష్యంగా మారిపోతుంది. కిందటిసారి పిండి జల్లెడ. ఎవరి పెరట్లోనో మట్టి జల్లించి, ఒక బంగారు పన్ను పట్టుకుని, జల్లెడని తెచ్చి దాని మేకుకే తగిలించింది. "శుభ్రంగా కడిగానే" అని హామీ కూడా ఇచ్చింది. ఆ తర్వాత నెల్లాళ్ళు మా ఇంట్లో పిండిని జల్లించకుండానే వాడుకున్నాం. ఈసారి ఆవిడ చేతిసంచీలోంచి నా పట్టకారు తొంగిచూస్తోంది. దాని గతి ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం నాకు లేదు.

వదిన డిటెక్టివ్. నేను ఆవిడ తమ్ముడి భార్యని, అంటే నోట్సు రాయడానికి, సంచీ మొయ్యడానికి జీతం లేని మనిషిని. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివాను. ఆ చదువంతా కూరగాయలు సమానంగా తరగడానికి పనికొచ్చిందని వదిన అభిప్రాయం. నాకు పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడ నోట "నేను పొరబడ్డాను" అన్న మాట ఒక్కసారీ వినలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా తినేవాళ్ళ నాలుకదే లోపమంటుంది.

ఆ రోజు కారులో వెళ్తూ నా నోట్సు ఇంకోసారి చదవమంది.

కేసు ఇది. అడవిని ఒక ఏరు రెండు ముక్కలు చేస్తుంది. తూర్పున గెస్ట్‌హౌస్, పరిశోధన కేంద్రం, వాటి వెనక పచ్చిక మైదానం. పడమట కాపలా గుడిసె, ఊరికెళ్ళే రోడ్డు. మధ్యలో ఒకటే వంతెన, దానికొక గేటు. తొమ్మిది రోజుల కిందట, మంగళవారం ఉదయం ఆరూ నలభైకి, కాపలా గుడిసె వెనక గోతిలో గోనెసంచి దొరికింది. అందులో ఒక ఆడ జింక తల, చర్మం, మూడు కాళ్ళు. మాంసం లేదు. ఆ రాత్రి గుడిసెలో డ్యూటీ చేసింది ఒక్క గార్డే. అతన్ని అక్కడికక్కడే పట్టుకుని లోపలేశారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి పెద్దాఫీసరు గెస్ట్‌హౌస్‌కి వచ్చి ఫైలు మీద సంతకం పెడతాడు. పెడితే గార్డు ఉద్యోగం పోతుంది, కేసు కోర్టుకెళ్తుంది, ఏడేళ్ళ దాకా పడొచ్చు.

మా దగ్గరకొచ్చింది గార్డు భార్య. వంతెన గేటు తీసి వెయ్యడం ఆవిడ పని. గేటు పక్క గదిలోనే కాపురం.

"మా ఆయన చీమని తొక్కితే ఆగి చూస్తాడమ్మా, బతికుందేమోనని" అంది మొన్న మా ఇంటికొచ్చి.

ఆవిడ తెచ్చిన గేటు రిజిస్టరులో రెండు పద్దులు ముఖ్యం. మంగళవారం తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఇన్‌స్పెక్టరు జీపు పడమటికి వెళ్ళింది. అయిదూ ముప్పై అయిదుకి తిరిగొచ్చింది. హెడ్‌లైట్లు కళ్ళల్లో కొట్టడంతో నడిపేదెవరో కనపడలేదట. జీపుని చూసి సలాం కొట్టి గేటు తీసిందట. గార్డు రోజూ అయిదింటికి సైకిలేసుకుని వాన కొలత చూడ్డానికి వెళ్తాడు, ముప్పావుగంటకి గానీ తిరిగిరాడు. ఈ సంగతి అడవిలో జింకలకి కూడా తెలుసు.

"ఇంకేముంది?" అంది వదిన. "ఇస్త్రీబాబే!"

ఇస్త్రీబాబు అంటే వన్యప్రాణి నేరాల ఇన్‌స్పెక్టరు. మడత నలుగుతుందని కూర్చోడానికి కూడా ఆలోచించే మనిషి. పాత కేసు ఒకదాంట్లో వదినని "వంటింటి వేగు" అని పత్రికలవాళ్ళ ముందు అన్నాడు. వదిన దాన్ని మరిచిపోయానంటుంది. రోజుకోసారి అంటుంది.

పదకొండూ ఇరవైకి పరిశోధన కేంద్రానికి చేరేసరికి ఇస్త్రీబాబు మాకంటే ముందే అక్కడ నిలబడి ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీలో పరిశోధకురాలు, ముప్పై ఏళ్ళు దాటని సన్నటి అమ్మాయి, చేతిలో కలం పట్టుకుని ఏడుపు ఆపుకుంటోంది.

"రండి, రండి," అన్నాడు మమ్మల్ని చూసి. "వంటయిందా?"

"మాది అయింది. మీది ఇవాళ అవుతుంది," అంది వదిన. "ఏమ్మాయ్, ఏం రాయిస్తున్నాడు నీ చేత?"

"రిపోర్టులో ఏమీ నిర్ధారణ కాలేదని రాసివ్వమంటున్నారు మేడమ్. కానీ అయింది. నేనే చేశాను పరీక్ష."

"ఏం తేలింది?"

ఆ అమ్మాయి లేచి గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళింది. నిలువెత్తు మ్యాపు. దాని నిండా గుండుసూదులు. ఎర్రవి ఆడ జింకలు, నీలంవి మగవి. తల్లి సూది నుంచి పిల్ల సూదికి దారం కట్టి ఉంది.

"జింకల పెంటికలు ఏరుతాను మేడమ్. పెంటిక మీద దాని పేగు తాలూకు కణాలు అంటుకుని ఉంటాయి. వాటిలోంచి డీఎన్ఏ తీస్తే ఏది ఏ జింకో, ఎవరికి ఎవరు ఏమవుతారో తెలుస్తుంది. ఆరేళ్ళలో రెండువందల పన్నెండు జింకలు."

"ఆరేళ్ళు పెంటికలేరింది," అన్నాడు ఇస్త్రీబాబు నా వైపు తిరిగి, నేను నవ్వుతానని.

"మీరు ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏమేరారో కూడా చూద్దాం," అంది వదిన. "నువ్వు చెప్పమ్మా."

"గోతిలో దొరికిన చర్మం ముప్పై ఒకటో నంబరు కూతురిది." ఆ అమ్మాయి మ్యాపులో తూర్పు మూలని వేలితో చూపించింది. గెస్ట్‌హౌస్ వెనక మైదానం. అక్కడ ఎర్ర సూదులు గుత్తిగా ఉన్నాయి. "ముప్పై ఒకటి ఇక్కడుంటుంది. దాని కూతుళ్ళు ముగ్గురూ అరకిలోమీటరు లోపలే. చెల్లెళ్ళూ అక్కడే. ఏరు దాటి పడమటికి వెళ్తే ఆడవాటిలో దీనికి చుట్టమన్నదే లేదు. గోతికీ మైదానానికీ నాలుగు కిలోమీటర్ల పైమాటే. చచ్చింది అక్కడ కాదు మేడమ్. ఇక్కడ."

"పుట్టింది ఇక్కడ!" అన్నాడు ఇస్త్రీబాబు. "అది ఆడజింక. ఆడది పుట్టినచోటే పడుంటుందా? ఈడొచ్చాక ఎక్కడికో అక్కడికి పోతుంది. లోకంలో ఎక్కడైనా ఇంతే కదా. మా అక్కలు ముగ్గురూ మూడు ఊళ్ళకి పోయారు. మా ఆవిడ రాలేదూ నా ఇంటికి?"

"మీ ఆవిడ జింకా?" అంది వదిన.

"ఉదాహరణకి చెప్పానండీ."

"మంచి ఉదాహరణే. ఒక మనిషిని ఏడేళ్ళు జైల్లో పెట్టడానికి మీ దగ్గరున్న శాస్త్రం మీ అక్కల పెళ్ళిళ్ళు."

"జింకల్లో తిరగబడి ఉంటుంది సార్," అంది ఆ అమ్మాయి. "కూతురు తల్లి పక్కనే ఉండిపోతుంది. తల్లి మేసిన గడ్డే మేస్తుంది. ఏడాదిన్నర నిండితే దూరం పోయేది కొడుకు. చూడండి, ఎర్ర దారాలన్నీ జానెడు లేవు. నీలం దారాలు మ్యాపు ఈ చివరి నుంచి ఆ చివరికి ఉన్నాయి. ఆడవాటి మధ్య దూరం పెరిగేకొద్దీ చుట్టరికం తగ్గిపోతుంది. రెండు కిలోమీటర్లు దాటితే పరాయివాళ్ళే."

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇది చదివాను. మా అమ్మకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

"వందలో ఒకటి తప్పిపోయి వెళ్ళకూడదా?" అన్నాడు ఇస్త్రీబాబు, ఇంకా పట్టు వదలకుండా.

"మూడో నాలుగో వెళ్తాయి సార్. అబద్ధం చెప్పను."

"ఆ! చూశారా!"

నేను పంచనామా కాగితం తీశాను. ఇస్త్రీబాబు స్వయంగా రాసింది. "ఇందులో చర్మానికి అంటి ఉన్న పొదుగులో పాలు ఉన్నట్టు గుర్తించడమైనది అని రాశారు కదండీ," అన్నాను. "అయితే పిల్ల ఉండాలి. అదెక్కడ?"

ఇస్త్రీబాబు నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. గోడకి కొట్టిన మేకు మాట్లాడితే అలా చూస్తారు.

పరిశోధకురాలు సొరుగులోంచి ఫోటో తీసింది. ముసలి జింక వెనకాల మోకాలెత్తు పిల్ల. "ఇక్కడే ఉంది. మైదానంలో. దాని పెంటికలు కూడా పరీక్ష చేశాను, చనిపోయినదాని పిల్లే. అమ్మమ్మ వెనకాల తిరుగుతోంది. అమ్మమ్మకి పాలు లేవు. గడ్డి కొరకడం మొదలుపెట్టింది, బతుకుతుందేమో చూడాలి."

వదిన ఆ ఫోటో అందుకుని ఇస్త్రీబాబు ముందు పెట్టింది.

"కాబట్టి," అంది, "పాలు తాగే పిల్లని ఇక్కడ వదిలేసి, ఏరు ఈది, నాలుగు కిలోమీటర్లు నడిచి, గార్డు గుడిసె వెనక చావడానికి వెళ్ళిందన్నమాట. మీ అక్కలెవరైనా అలా చేశారా?"

ఇస్త్రీబాబు టోపీ పెట్టుకున్నాడు. "నాలుగింటికి సంతకమవుతుంది. మీ కథలు ఆయనకి చెప్పుకోండి. గేటు రిజిస్టరంటారా, అది ముద్దాయి పెళ్ళాం రాసుకున్న కాగితం. దాన్ని నేను చదవను కూడా లేదు."

"అది ఒప్పుకుంటాను," అంది వదిన. "మీరు ఏదీ చదివినట్టు లేదు. నాలుగో కాలు సంగతేమిటి? మూడే దొరికాయి కదా?"

నేను పంచనామా చివరి వాక్యం పైకి చదివాను. "నాలుగవ కాలును, అనగా కుడి ముందరి కాలును, నిందితుడు భుజించి ఉండవచ్చును."

"డెక్కతో సహానా?"

తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ నడకలో కూడా మడత నలగలేదు.

గెస్ట్‌హౌస్ మేనేజరు మమ్మల్ని గుమ్మంలోనే ఎదుర్కొన్నాడు. పాతికేళ్ళుంటాయి. ఇన్‌స్పెక్టరుకి స్వయానా బావమరిది. ఈ ఉద్యోగం అక్క చెప్తే బావ వేయించాడు. "మేడమ్‌గారూ, కూర్చోండి, టీ తెప్పిస్తాను" అని మూడుసార్లు అన్నాడు. టీ రాలేదు.

"అక్క ఎక్కడుంటే తమ్ముడు అక్కడ," అంది వదిన నా చెవిలో. "ఈ జాతిలో మగవి దూరం పోవు. వీణ్ణి వదిలెయ్. వీడికి టీ తేవడం చేతకాదు, నేరమేం చేస్తాడు?"

నేను దాన్ని కూడా నోట్సులో రాసుకున్నాను.

ఒంటిగంటన్నరకి వంటింట్లో ఉన్నాం. వంటింట్లో వదిన నన్ను మాట్లాడనిస్తుంది. అక్కడ నాకు హక్కుందని ఆవిడ నమ్మకం. వంటామె గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నె అంచు మీద వేలు పెట్టి చూస్తే చాలు, వంటామె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. ఈవిడ అబద్ధం చెప్పదు.

"ఆ సోమవారం రాత్రి ఏం వండారు?"

"మాంసం కూరమ్మా. బావగారొస్తున్నారు, మేక మాంసం, బాగా ఉడికించు అని మేనేజరుగారు కేకేశారు."

"మాంసం ఎప్పుడొచ్చింది?"

"మూడింటికి చూసుకునేసరికి గడప మీద సంచీ ఉంది. ముక్కలు కొట్టే ఉంది."

"కొవ్వు ఎలా ఉంది?"

ఆవిడ పీచు కింద పడేసింది. ఈ ప్రశ్న కోసం తొమ్మిది రోజులుగా ఎదురుచూస్తున్నట్టుంది. "చెంచాడు లేదమ్మా! ముప్పయ్యేళ్ళుగా వండుతున్నాను, అలాంటి మేకని చూడలేదు. ముక్క చూస్తే నల్లటి ఎరుపు. అడుగంటుతుంటే నూనె పోశాను, పోశాను, చెయ్యి నొప్పెట్టింది. రెండున్నర గంటలు పట్టింది ఉడకడానికి."

"ఎవరెవరు తిన్నారు?"

"ఇన్‌స్పెక్టరుగారొక్కరే. మేనేజరుగారు కడుపు బాగాలేదన్నారు. ఈయన మాత్రం మూడుసార్లు వేయించుకున్నారు. ఎవరో చెప్పులు వండినట్టుందని నన్ను తిడుతూనే వేయించుకున్నారు."

వదిన మొహం వెలిగిపోయింది. ఆనందంతో ఆవిడ నా భుజం మీద కొట్టిన దెబ్బకి కలం చేతిలోంచి జారింది. "జింకని చంపించి, వండించుకుని, తిని, చర్మాన్ని గార్డు మీద పడేసి, పైగా అతన్నే పట్టుకున్నాడు! ఇస్త్రీబాబూ, నువ్వు నేననుకున్నంత తెలివితక్కువవాడివి కాదు!"

"వదినా," అన్నాను, "గేటు రిజిస్టరు ప్రకారం ఆయన జీపు ఆ సోమవారం ఇటు వంతెన దాటింది రాత్రి ఏడూ నలభైకి. మాంసం మూడింటికే గడప మీదుంది."

"ముందే పంపి ఉంటాడు."

"ఎవరితో?"

"అన్నీ నేనే చెప్పాలా? పెరడు చూద్దాం పద."

పెరట్లో పందుల్ని బెదరగొట్టే తుపాకీ పెట్టుకునే బీరువా, కట్టెల కొట్టు, గోడవారగా రేకుల కుక్కగూడు ఉన్నాయి. గూట్లో బూడిదరంగు కుక్క. మమ్మల్ని చూసి మొరగలేదు. గూటిలోంచి కదలనూ లేదు. బిస్కెట్లు చూపించాను. తోక ఊపింది, రాలేదు. నేను ఇద్దరు పిల్లల్ని పెంచాను. లోపల ఏదో దాచుకున్నవాళ్ళే అలా కూర్చుంటారు.

బిస్కెట్ల పొట్లం మొత్తం విప్పి దూరంగా పోశాక లేచింది. గూట్లో గోనెపట్టా. పట్టా కింద తవ్విన మట్టి.

"పట్టకారు," అంది వదిన చెయ్యి చాపి.

"వదినా, వద్దు. అది పాలగిన్నెది."

"కడుగుతానే."

మట్టిలోంచి బయటికొచ్చింది. ఎండి, కొరికి, వాసన వేస్తూ. మోకాలి కింది భాగం, దాని చివర చీలిన నల్లటి డెక్క. పైన తెగిన చోట కత్తి ఏటవాలుగా దిగింది.

నేను ఆ పట్టకారుకి మనసులోనే వీడ్కోలు చెప్పేశాను.

మూడూ నలభైకి గెస్ట్‌హౌస్ భోజనాల హాల్లో బల్ల చుట్టూ అందరం ఉన్నాం. పెద్దాఫీసరు, లావుపాటి నిదానమైన మనిషి, కలం మూత తీసిపెట్టుకున్నాడు. ఇస్త్రీబాబు ఆయన కుడివైపు. పరిశోధకురాలు నా పక్కన. మేనేజరు చేతిలో ట్రే, ట్రేలో ఎట్టకేలకు టీ. వదిన న్యూస్‌పేపరు పొట్లం విప్పి టీ కప్పుల మధ్య పెట్టింది.

"ఏమిటిది?" అన్నాడు పెద్దాఫీసరు ముక్కు మూసుకుని.

"నిందితుడు భుజించిన కాలు. ఈ ఇంటి కుక్కగూట్లో దొరికింది."

పరిశోధకురాలు దాన్ని తిప్పి చూసింది, తన ఫోటోలు పక్కన పెట్టింది, కొలత పట్టింది. "కుడి ముందరి కాలు. ఆడ జింక. మిగతా మూడూ ఇదే కీలు దగ్గర, ఇదే వాలులో తెగాయి సార్. డీఎన్ఏకి రెండు రోజులు పడుతుంది. నాకు మాత్రం అనుమానం లేదు."

ఇస్త్రీబాబు కాలు వైపు చూశాడు. తర్వాత వంటింటి తలుపు వైపు చూశాడు. మెల్లగా, చాలా మెల్లగా, ఏదో లోపలికి దిగుతున్నట్టు కనపడింది.

"ఆ మేక..."

"మేక కాదు. ముప్పై ఒకటో నంబరు కూతురు. మూడుసార్లు వేయించుకున్నారట."

ఇస్త్రీబాబు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది కూడా ఇస్త్రీ చేసి ఉంది.

"ఇక నటన చాలు," అంది వదిన. "తెల్లవారుజామున నాలుగూ యాభైకి మీ జీపు వంతెన దాటింది. భార్య రాసిన రిజిస్టరు వద్దంటారు. సరే. పెద్దాఫీసరుగారి చేత మీ జీపు లాగ్‌బుక్కు తెప్పించాను. సోమవారం రాత్రి ఎనిమిదింటి రీడింగుకీ, మంగళవారం ఆరుంబావు రీడింగుకీ తొమ్మిది కిలోమీటర్లు తేడా. ఇక్కణ్ణించి గార్డు గుడిసెకి నాలుగున్నర, రావడం నాలుగున్నర. కింద సంతకం మీదే."

"సంతకం... రోజూ మీటరు అంకె వేసి పెడతాను. చదవను."

"అదొక్కటే మీరు నిజం చెప్పింది."

"నేను పడుకున్నానండీ!" ఇస్త్రీబాబు లేచి నిలబడ్డాడు. చొక్కా నలిగింది, ఆయన చూసుకోలేదు. "తొమ్మిదిన్నరకి పడుకున్నవాణ్ణి, ఆరూ పదికి మా బావమరిది తలుపు కొడితే లేచాను! తాళాలు హాల్లో మేకుకి తగిలించే ఉంటాయి!"

"బాగుంది. మరి తాళాలు వాటంతటవే—"

"ఎందుకు లేపాడండీ?" అన్నాను నేను.

వదిన నా వైపు చూసిన చూపుకి మామూలుగా అయితే నోరు మూసుకుంటాను. ఆ రోజు పట్టకారు పోయిన బాధలో ఉన్నాను.

"ఎందుకంటే... ఫోనొచ్చిందని," అన్నాడు ఇస్త్రీబాబు. "ఎవరో పేరు చెప్పకుండా, గార్డు గుడిసె వెనక గోతిలో చూడమన్నారని. కేసే దాంతో మొదలైంది."

"ఏ ఫోనుకి?"

"ఇక్కడి ఫోనుకే. ఈ హాల్లోదే."

"మీరు ఆ రాత్రి ఇక్కడ పడుకుంటున్నారని ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఆఫీసులో సెలవన్నాను. మా ఆవిడతో కూడా..." చేతిరుమాలు మడత పెట్టాడు. "క్యాంపన్నాను. నాలుగు రోజులు నెమ్మదిగా పడుకుందామని."

"మరి ఆ పేరు చెప్పని మనిషికి మీరిక్కడున్నారని ఎలా తెలిసింది? ఆఫీసుకి చెయ్యాలి, లేకపోతే ఇంటికి చెయ్యాలి. ఇక్కడికెందుకు చేశాడు? ఆ గొంతు మీరు విన్నారా?"

"లేదు. వాడే విని... వాడే నాకు చెప్పాడు."

పెద్దాఫీసరు కలం మూత వెతుక్కుని పెట్టేశాడు.

"వాచ్‌మన్ మీద ఈ కుర్రాడికి కోపమెందుకయ్యా?" అన్నాడు, మొదటిసారి నిద్రలోంచి లేచినట్టు.

"గార్డు సార్," అన్నాడు ఇస్త్రీబాబు యాంత్రికంగా. తర్వాత కూర్చుండిపోయాడు. "పోయిన నెల అతనొక ఫిర్యాదు రాశాడు. గెస్ట్‌హౌస్ వెనక తుపాకీ చప్పుడు వినిపిస్తోందని. విచారించమని నేను... మా బావమరిదికే ఇచ్చాను."

వదిన టీ కోసం ట్రే వైపు తిరిగింది.

అప్పుడు చూశాం. ట్రే బల్ల మీదుంది. మేనేజరు లేడు. మేకుకి తాళాలు లేవు. బయట జీపు స్టార్టయిన చప్పుడు.

పెద్దాఫీసరు లేవబోయాడు. వదిన టీ కప్పు అందుకుంది. "కూర్చోండి. ఒకటే వంతెన, దానికొక గేటు. ఎవరి చేతిలో ఉందో వాడు మరిచిపోయాడు."

వంతెన గెస్ట్‌హౌస్ నుంచి కనపడేంత దూరమే. మేం నడిచి వెళ్ళేసరికి జీపు గేటుకి మూతి ఆనించి హారను మోగిస్తోంది. గార్డు భార్య గేటు అవతల స్టూలు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. తాళంచెవి కొంగున ముడేసి ఉంది. వెనక ఏరు నిండుగా పారుతోంది, వాడు దూకే రకం కాదు.

"బావా, చెప్పు బావా!" మేనేజరు జీపులోంచే ఏడుపు మొదలెట్టాడు. "నీకోసమే కదా తెచ్చాను! ప్రమోషనొచ్చిందని, మంచి భోజనం పెడదామని! ఆ గార్డు ఊరికే కాయితాలు రాస్తున్నాడని... అక్కకి ఏం చెప్తావు?"

ఇస్త్రీబాబు జీపు తలుపు తీసి, తాళాలు లాక్కుని, వాణ్ణి చొక్కా పట్టి దింపాడు. అంతవరకూ బాగానే చేశాడు. "గేటు తియ్యమ్మా," అన్నాడు. "వీణ్ణి స్టేషనుకి తీసుకెళ్ళాలి."

ఆవిడ తల ఎత్తలేదు. "తియ్యను."

"ఏమిటి?"

"ఆ మంగళవారం మా ఆయన్ని ఇదే గేటు మీదుగా అడవంతా తిప్పి చూపించారు. చేతులకి తాడు కట్టి. నేనే తీశాను గేటు. దొంగ పెళ్ళామా, తొందరగా తియ్యి అన్నారు మీరు. అందరూ విన్నారు. ఇప్పుడు ఎవరు దొంగో అది కూడా అందరూ వినాలి. విన్నాక తీస్తాను."

పెద్దాఫీసరు తన కారు వైపు చూశాడు. అదీ ఇటువైపే ఉండిపోయింది. "చెప్పెయ్యవయ్యా," అన్నాడు.

"దర్యాప్తులో," అన్నాడు ఇస్త్రీబాబు గొంతు సవరించుకుని, "కొన్ని లోపాలు దొర్లిన మాట పరిశీలనలోకి తీసుకుని..."

ఆవిడ ఇంకో రాయి ఏరి ఏట్లో పడేసింది.

"అలా కాదయ్యా," అంది వదిన విసుగ్గా. "ఇంత వయసొచ్చింది, ఇది కూడా నేర్పాలా? నన్ను చూసి నేర్చుకో." ఆవిడ గేటు కడ్డీ పట్టుకుని నిటారుగా నిలబడింది. "నేను పొరబడ్డాను. ఇవాళ పొద్దుటి నుంచీ ఈ మనిషే జింకని చంపించాడని, తెలివిగా పన్నాగం పన్నాడని అనుకున్నాను. ఇతను దొంగ కాదు. వట్టి మొద్దు. అంత తెలివి అంటగట్టడం నా తప్పు. టీ తేలేనివాడు నేరం చెయ్యలేడనుకోవడం ఇంకో తప్పు. ఇది మా మరదలికి ముందే తెలుసు, నేను వినిపించుకోలేదు. అది మూడోది."

ఇరవై రెండేళ్ళు. తారీఖు వేసి రాసుకున్నాను, వేళతో సహా. నాలుగూ పన్నెండు.

ఇస్త్రీబాబు చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. బావమరిది చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో టోపీ తీశాడు. గార్డు భార్య వైపు కాసేపు చూసి, చూపు దించుకున్నాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు.

"ఏరు మోగుతోంది," అంది ఆవిడ. "వినపడలేదు."

"తప్పు నాది!" అన్నాడు గట్టిగా. వంటామె గెస్ట్‌హౌస్ మెట్ల మీదికి వచ్చి చూసేంత గట్టిగా. "మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. నేను చేశాను."